పిక్క కోసేది ఎవరు?

జీడిపిక్కల నాణ్యత చూసే ఉద్యోగానికి ఇప్పుడు ఇంగ్లీషులో మంచి మంచి పేర్లు వచ్చాయి. మెడలో కార్డు వేస్తున్నారు, తెల్లకోటు తొడుగుతున్నారు, విమానం ఎక్కిస్తున్నారు. మా రోజుల్లో మమ్మల్ని 'కటింగ్ మనిషి' అనేవారు. కటింగ్ మనిషి వచ్చాడు, కుర్చీ వెయ్యండి. కటింగ్ మనిషి తిన్నాడా, లేదా? అంతవరకే మర్యాద. ఈ ఉద్యోగానికి అంతకంటే ఎక్కువ మర్యాద అక్కర్లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను. మోకాళ్లు అరిగిపోయాయి. గోదాముల్లో మింగిన గోనెసంచుల దుమ్ము ఇప్పుడు దగ్గు రూపంలో తిరిగొస్తోంది. మా పలాస వైపు పిల్లలు కొందరు ఈ పనిలోకి వెళ్తున్నారని విని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గొడవ రాయను. అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి, రావలసినవి కొన్ని రాలేదు. పని లోపల ఏముంటుందో అది మాత్రం చెప్తాను. చదివాక ఎవరైనా మానుకుంటే నాకేం బాధ లేదు. చేరేవాళ్లు కళ్లు తెరుచుకుని చేరితే చాలు.

పని ఏమిటంటే

ఉద్దానం తోటల్లో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. జీడిచెట్టు ఇచ్చే గింజని మేం పిక్క అంటాం. లోపల ఉండేది పప్పు. పిక్క పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పప్పు ముడుచుకుపోయి ఉండొచ్చు, మచ్చ పడి ఉండొచ్చు, పుచ్చిపోయి ఉండొచ్చు. కాబట్టి కొనేముందు బస్తాల్లోంచి కొన్ని పిక్కలు తీసి, అడకత్తెర లాంటి కత్తెరతో నిలువునా రెండుగా కోసి, మంచివి ఒక కుప్ప, మచ్చవి ఒక కుప్ప, పనికిరానివి ఒక కుప్ప పెడతారు. మంచి పప్పు తూచి, బస్తాకి ఎంత దిగుతుందో లెక్క కడతారు. ఆ దిగుబడిని బట్టే ధర. ప్రపంచంలో జీడి వ్యాపారమంతా, ఎన్ని ఓడలైనా, ఎన్ని బ్యాంకులైనా, ఆ కత్తెర దగ్గరికి వచ్చి ఒక్కసారి ఆగాల్సిందే.

మా వైపు చిన్న రైతుల దగ్గర ఒక పద్ధతి ఉండేది, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. పిక్కలు తీసేది కొనేవాడు, కోసేది అమ్మేవాడు. షావుకారు తనకి ఇష్టమైన బస్తాలో చెయ్యి పెట్టి దోసెడు తీస్తాడు. రైతో, రైతు పెళ్లామో ముందు కూర్చుని కోస్తారు. తీసేవాడు చెడ్డవి ఏరాలని చూస్తాడు. కోసేవాళ్లు మచ్చవాటిని మంచివాటిలోకి తోయాలని చూస్తారు. ఇద్దరి దొంగబుద్ధీ ఒకదానితో ఒకటి సరిపోయి, మధ్యలో ఒక న్యాయమైన లెక్క వచ్చేది.

నేను పని నేర్చుకున్నది కాశీబుగ్గలో ఒక కమిషన్ కొట్లో. ఒకసారి కొత్త షావుకారు ఒకాయన తనే తీసి తనే కోయబోయాడు. అమ్మడానికి వచ్చిన ముసలామె సంచి మూతి మళ్లీ కట్టేసుకుంది. "తీసిందీ నువ్వే, కోసిందీ నువ్వే అయితే మరి నానెందుకు బాబూ? ఇంటికెల్లి తొంగుంటాను" అంది. కొట్లో అందరూ నవ్వారు. షావుకారు కత్తెర ఆమె ముందు పెట్టేశాడు.

ఆ నవ్వు వెనక ఏముందో నాకు అప్పుడు తెలీదు. ఆమెకి పక్కన ఇంకో కొట్టు ఉంది, దాని పక్కన ఇంకోటి ఉంది. అది ఉండబట్టే ఆమె సంచి కట్టేయగలిగింది.

విల్లెం నేర్పినది

తర్వాత నేను చేరింది విదేశీ కంపెనీలో. పేరు రాయను. పిక్కలు పండించదు, పప్పు తీయదు. ఒక దేశంలో కొంటుంది, ఇంకో దేశంలో అమ్ముతుంది. ఆఫీసు ఒక చోట, బ్యాంకు ఇంకో చోట, ఓడ మీద జెండా మరో దేశానిది. అసలు యజమాని ఎవరో రిటైరయ్యేదాకా నాకు తెలీలేదు, అయ్యాక తెలుసుకోవాలనే కోరిక పోయింది.

నాకు పైన ఉన్న మేనేజరు విల్లెం, డచ్చివాడు. మంచివాడు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. ఆఫ్రికాలో నాకు మలేరియా వస్తే ఆస్పత్రిలో పక్కన కూర్చున్నాడు. మా ఆవిడకి తనే ఫోన్ చేసి, వచ్చీరాని మాటలతో ధైర్యం చెప్పాడు. ఒకసారి పలాస వచ్చినప్పుడు, మా అమ్మ పుట్టిల్లు కళింగపట్నం చూపిస్తానని తీసుకెళ్లాను. ఆ రేవులోంచి ఒకప్పుడు దొరల ఓడలు సరుకు ఎత్తుకెళ్లేవని మా తాత చెప్పేవాడు. ఇప్పుడక్కడ చేపలు ఎండబెట్టుకుంటారు. విల్లెం ఇసకలో నిలబడి, మావాళ్లు కూడా ఇక్కడికి వచ్చే ఉంటారు అని గర్వంగా ఫొటోలు తీసుకున్నాడు. ఎండుచేపలు తిరగేస్తున్న ఒకావిడ నన్ను పిలిచి, "ఏటి కొంటాడంట ఈ దొర?" అని అడిగింది. అంత దూరం నుంచి వచ్చినవాడు చూసిపోవడానికి రాడని ఆవిడ లెక్క.

నన్ను పశ్చిమ ఆఫ్రికా పంపిన మొదటి ఏడాది, పని ఎలా చెయ్యాలో విల్లెమే దగ్గరుండి చూపించాడు. బస్తాలో గుచ్చి పిక్కలు లాగే ఇనపగొట్టం ఒకటి ఉంటుంది. అది నా చేతికిచ్చి అన్నాడు: "నిన్ను అబద్ధం రాయమని కంపెనీ ఎప్పుడూ అడగదు. ఎక్కడ గుచ్చాలో తెలిస్తే చాలు."

అంటే ఇది. పల్లెటూరి షెడ్డులో రైతుల దగ్గర కొనేటప్పుడు అట్టడుగు బస్తాల్లో, గోడవైపు చెమ్మ పట్టిన బస్తాల్లో గుచ్చాలి. దిగుబడి తక్కువ వస్తుంది. అదే సరుకు సముద్రం దాటి విశాఖపట్నం వచ్చాక, పలాస కార్ఖానాల వాళ్లకి అమ్మేటప్పుడు నడిమి వరసల్లో, గాలి తగిలిన బస్తాల్లో గుచ్చాలి. దిగుబడి ఎక్కువ వస్తుంది. అక్కడా నేనే తీశాను, నేనే కోశాను, ఇక్కడా అంతే. రెండు రిపోర్టులూ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఉన్న ఖాళీలోనే కంపెనీ కాపురం.

ఇది చదివి, ముసలాడు లెంపలు వేసుకుంటున్నాడని అనుకోకండి. జీతం తీసుకున్నాను, పిల్లల్ని చదివించాను. ఈ వ్యాపారంలో కటింగ్ మనుషులందరూ చేసిందే నేనూ చేశాను. నేను చెప్పేది యంత్రం ఎలా తిరుగుతుందో. చిన్నప్పుడు బళ్లో కంపెనీ పాలన గురించి చదివితే ఫిరంగులు, గుర్రాలు, ఎర్రకోట్లు కళ్ల ముందుకొచ్చేవి. నేను చూసిన పాలనలో ఒక్క తుపాకీ లేదు. ఒక గొట్టం, ఒక కత్తెర, ఒక త్రాసు ఉన్నాయి, వాటిని పట్టుకోవడానికి మా ఉద్దానం నుంచి వెళ్లిన నేను ఉన్నాను. అక్కడి పిల్లలు నన్ను చూసి తెల్లవాడొచ్చాడని అరుస్తూ పరుగెత్తేవారు. నన్ను! మా ఆవిడ ఈ మాట ఇప్పటికీ నమ్మదు.

మరియామా

నేను పనిచేసిన ఆ ఆఫ్రికా దేశంలో ఒక రైతుల సంఘానికి మరియామా అని ఒకావిడ కార్యదర్శి. బొంగురు గొంతు, నవ్వితే షెడ్డు రేకులు అదిరేవి. చుట్టుపక్కల ఊళ్ల పిక్కలన్నీ ఆవిడ షెడ్డుకే చేరేవి. నాకు ఆ భాష కాస్త వచ్చింది, ఆవిడకి బేరాల ఇంగ్లీషు కాస్త వచ్చింది. ఆ రెండు కాస్తలతో మా స్నేహం నడిచింది.

ఒకరోజు పని అయ్యాక టీ తాగుతూ అడిగింది. "మీ ఊళ్లో కూడా ఈ చెట్లు ఉన్నాయట కదా. మీ రైతులకి ఎవరు కోసి చూపిస్తారు?"

మా పద్ధతి చెప్పాను. కాశీబుగ్గ ముసలామె మాట కూడా చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఊసుపోక చెప్పిన కబురది, అంతకు మించి ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్తే, మరియామా పీట వేసుకుని కూర్చుంది. చేతిలో సొంత కత్తెర. వెనక రైతులు నిలబడ్డారు. "నువ్వు తియ్యి, ఎక్కడ కావాలంటే అక్కడ తియ్యి. కోసేది నేను. మీ ఊళ్లో లాగే" అంది.

మా ఊరి పద్ధతిని వద్దని ఆ ఊరివాణ్ణే అయిన నేను ఎలా అంటాను? బయటికి వచ్చి విల్లెంకి ఫోన్ చేశాను. ముందు ఆయనా నవ్వాడు. ఆవిడ సరదాకి అనడం లేదని చెప్పాను. "ఆ షెడ్డు వదిలెయ్" అన్నాడు. కోపం లేదు, విసుగు లేదు. ఆ ఏడాది మిగిలిన షెడ్లలో కొన్నాం. ఆవిడ షెడ్డు ముందు నుంచే మా లారీలు వెళ్లాయి. వానలు దగ్గరపడుతున్నాయి. తడిస్తే పిక్క నల్లబడుతుంది, ఏడాది పంట పోతుంది. ఆవిణ్ణి నమ్మి సరుకు పెట్టిన రైతులే ఆవిణ్ణి తిట్టడం మొదలుపెట్టారని తెలిసింది. నాకు రాత్రుళ్లు అన్నం సయించేది కాదు. అయినా మర్నాడు లేచి ఇంకో షెడ్డులో గుచ్చేవాణ్ణి.

ఆవిణ్ణి గట్టెక్కించింది న్యాయం కాదు, ధర్మం కాదు. మోటారు సైకిలు మీద వచ్చిన ఒక బక్కపలచని వియత్నాం మనిషి. వాళ్ల దేశంలో పెద్ద పెద్ద కార్ఖానాలు పెట్టి, పిక్కల కోసం ఆవురావురుమంటున్నారు. ఎవరు కోస్తే నాకేం, సరుకు కావాలి అన్నాడట. మరియామా కోసింది, అతను కొన్నాడు. తర్వాతి ఏడాది మా కంపెనీ కూడా అదే పద్ధతికి ఒప్పుకుంది. విల్లెం దాన్ని రైతులతో భాగస్వామ్యం అని పేరు పెట్టి పై ఆఫీసుకి చెప్పాడు.

ఇప్పుడు టీవీల్లో పెద్దమనుషులు కూర్చుని, ఒక్క దేశం పెత్తనం పోతోంది, నాలుగు దిక్కుల నుంచీ నాలుగు బలాలు లేస్తున్నాయి అని గొంతులు చించుకుంటారు. నాకు ఆ పెద్ద మాటలు తెలీవు. నాకు తెలిసింది ఆ షెడ్డే. గుమ్మంలో రెండోవాడు నిలబడితే మొదటివాడికి మర్యాద వస్తుంది. అంతవరకు నిజం. ఆ రెండోవాడు దేవుడేం కాదు. అదే వియత్నాం వాళ్లు, పోటీ లేని పక్క జిల్లాలో గొట్టం వాళ్లే గుచ్చి, కత్తెర వాళ్లే పట్టుకున్నారు. తర్వాత ఆ దేశంలో పిక్క కొట్టడానికి చైనా యంత్రాలు అప్పు మీద వచ్చాయి. వాటి మర ఒకటి విరిగితే వాళ్లే పంపాలి, వాళ్లు చెప్పినప్పుడే వస్తుంది. అయినా సరే, ఒకడి కింద నలిగేకంటే నలుగురితో బేరమాడుకోవడం నయమని నేను ఆ షెడ్డు కథ పది మందికి గర్వంగా చెప్పుకునేవాణ్ణి. మరియామాకి కత్తెర అందించింది మా ఉద్దానం అని కూడా అనేవాణ్ణి. ముసలితనానికి ఒక గొప్ప ఉండాలి కదా.

దాలినాయుడు బావ

మా అక్క మొగుడు దాలినాయుడుకి పలాస శివార్లలో చిన్న కార్ఖానా ఉంది. పిక్కలు కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం, రకాలు ఏరడం, అన్నీ అక్కడే. పనంతా ఆడవాళ్లది. పప్పు విరక్కుండా గుండుగా తీయడంలో వాళ్ల చేతులకి పేరుంది. డబ్బాల మీద మా అక్క పేరే, 'చంద్రమ్మ జీడిపప్పు' అని. అక్క పోయి చాలా కాలమైంది. బావ ఆ డబ్బాల్ని తుడిచి తుడిచి పెట్టేవాడు.

ఉద్దానం పిక్క వేసవి తర్వాత నాలుగు నెలల పనికి సరిపోతుంది. మిగతా ఏడాదంతా ఆఫ్రికా పిక్కే. చిన్న కార్ఖానాలన్నీ అలాగే బతికాయి. అంతలో మరియామా వాళ్ల దేశం, మా పిక్క మా కార్ఖానాలకి సరిపోయాకే బయటికి అంది. రేవుకి వచ్చే సరుకు సన్నగిల్లింది. ఉన్న సరుకంతా ముందే కొని పెట్టుకున్న పెద్ద కంపెనీల గోదాముల్లో ఉంది. అందులో నా పాత కంపెనీ కూడా ఒకటి.

నా పాత కంపెనీ వాళ్లే బావ దగ్గరికి మనిషిని పంపారు. పిక్క మాదే, పప్పూ మాదే, డబ్బా మాదే. నువ్వు కొట్టించి ఇవ్వు, కూలి ఇస్తాం. ఏడాది పొడవునా పని ఉంటుంది. ఇంకెవరి సరుకూ ముట్టుకోకూడదు. చంద్రమ్మ డబ్బా ఉండకూడదు.

బావ నా దగ్గరికి వచ్చాడు. "ఒరే సింహాచలం, నీ కంపెనీయే కదరా. నువ్వు సెప్తే ఇనరేటి?"

"నేను కటింగ్ మనిషిని బావా. నేను చెప్తే పిక్క వింటుంది గానీ కంపెనీ వినదు" అన్నాను.

"మరి ఆ నల్లమ్మ ఉన్నాది కదా, నీ కత్తెరమ్మ. పెద్ద మనిషైపోనాదని సెప్తన్నావు. ఒక్క కంటైనర్ అడగరా. ఈ ఏడు గట్టెక్కిపోతాను."

మరియామా ఇప్పుడు సంఘం తరఫున సొంత కార్ఖానా నడుపుతోంది. సాయంత్రం బావ కార్ఖానాలోనే కూర్చుని వీడియో కాల్ చేశాం. పని దిగిన ఆడవాళ్లు చుట్టూ మూగారు. నన్ను చూసి మరియామా కేకలేసింది. నా మోకాళ్ల గురించి అడిగింది. బావని చూపించి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వు తగ్గింది.

"దారి లేక కాదు. మా సంఘానికి కొంత పంపే వీలు ఉంది. పంపగలను, కానీ పంపను" అంది. ఫోన్ అటు తిప్పి తన షెడ్డు చూపించింది. ఒకప్పుడు బస్తాలుండే చోట ఆడవాళ్లు వరసగా కూర్చుని పప్పు తీస్తున్నారు. "ఇన్నేళ్లూ వీళ్ల పని మీ వైపు వెళ్లిపోయింది. ఇప్పుడు మీ బావకి పంపే ప్రతి బస్తా వీళ్ల చేతుల్లోంచి లాగి పంపాలి. ఆయన్ని అడుగు. నా చోట ఉంటే పంపుతాడా?"

నేను బావకి తెలుగులో చెప్పాను. మెత్తగా చెప్పాలని చూశాను గానీ ఆ మాటకి మెత్తదనం ఎక్కడా లేదు. బావ ఆ షెడ్డు వైపు, వరసగా కూర్చున్న ఆ ఆడవాళ్ల వైపు చాలాసేపు చూశాడు.

"పంపనని సెప్పు" అన్నాడు. "నానైనా పంపను. అల్లాగే సెప్పేరా."

చెప్పాను. మరియామా రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. తర్వాత, మొహమాటపడుతూనే ఇంకోటి అడిగింది. మీ ఆడవాళ్లు పప్పు విరగకుండా తీస్తారట, మావాళ్ల దగ్గర సగం విరిగిపోతోంది, ఎవరైనా వచ్చి నేర్పుతారా అని. అది కూడా తెలుగులో చెప్పాను. గురమ్మ అనే పాతావిడ ఉంది, బావ కార్ఖానా తెరిచిన రోజు నుంచీ పిక్క కొడుతోంది. "ఓలమ్మో! మన పని అట్టుకుపోయి, మనల్నే ఎల్లి నేర్పమంతాదేటి? గట్టిదే ఆయమ్మ" అంది. అందరూ నవ్వారు. మరియామాకి అర్థం కాకపోయినా ఆవిడా నవ్వింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ షెడ్డు కథలో సగమే నేను ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. రెండో సగం మా అక్క ఇంటికి వచ్చి కూర్చుంటుందని నాకు తోచలేదు. ఆవిడది న్యాయం. బావది కూడా న్యాయమే. ఆవిడ బాగుపడటం చూసి సంతోషించాను, బావ మొహం చూసి ఏడుపొచ్చింది. ఈ రెంటినీ కలిపి ఒక మాటగా చెప్పడం నాకు చేతకాదు.

పిల్లలకి ఒక మాట

మధ్యలో ఆపి చెప్తున్నాను, చివర్లో చెప్తే ఓపిక ఉండదు. మీరు ఎక్కడ గుచ్చారో, ఏ వరసలో, ఏ వైపు, అది కూడా రిపోర్టులో రాయండి. పై వాళ్లు అడగరు. రాస్తే విసుక్కుంటారు, ఆ విసుగులోనే మీకు చాలా అర్థమవుతుంది. అవతలివాళ్ల చేతికి కత్తెర ఇవ్వండి. మీ లెక్క సరైనదైతే వాళ్లు కోసినా మారదు. మంచి బాసు దొరికితే సంతోషించండి గానీ, బాసు మంచితనాన్ని కంపెనీ మంచితనం అనుకోకండి. విల్లెం నాకు ప్రాణం పోశాడు. అదే విల్లెం, మా ఆవిడకి ధైర్యం చెప్పిన నోటితోనే, ఆ షెడ్డు వదిలెయ్ అన్నాడు. జెండాలు మారినప్పుడల్లా సంబరపడకండి. ఎవరు గుచ్చుతున్నారు, ఎవరు కోస్తున్నారు, అది చూడండి.

గురమ్మ మాట

మరియామాతో మాట్లాడాక బావ రెండు రోజులు ఇల్లు కదల్లేదు. తర్వాత ఒక నిర్ణయానికి వచ్చాడు. కంపెనీకి సంతకం పెట్టడు. ఉద్దానం పిక్కతో ఏడాదిలో నాలుగు నెలలే నడుపుతాడు. మిగతా రోజులు తలుపు మూస్తాడు. చంద్రమ్మ డబ్బా ఉంటుంది. నాకు ఛాతీ ఉప్పొంగింది. శభాష్ బావా అన్నాను.

టీ వేళ ఆడవాళ్లని కూర్చోబెట్టి ఇదే చెప్పాడు. ఎవడి కిందా ఉండక్కర్లేదు, నాలుగు నెలలైనా మనది మనదే అన్నాడు. నిజంగా బాగా చెప్పాడు. గురమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"డబ్బా మీద పేరు మీరుంచుకోండి బాబూ, కాదన్ను. మిగతా నెలలు నా పొయ్యి మీద కుండేటవుతాది?"

బావ తెల్లబోయాడు. నేను అందుకున్నాను. "ఒకసారి వాళ్ల కిందకి వెళ్తే మళ్లీ బయటపడలేం గురమ్మా" అన్నాను.

"మేమెప్పుడు బయటున్నాం బాబూ?" అంది నాకేసి తిరిగి. "నిన్న ఈ నాయుడు కింద. రేపు ఆ కంపెనీ కింద. మాకు తేడా ఏటి?"

"నానూ ఆళ్లూ ఒకటేనేటే?" అన్నాడు బావ.

"ఒకటి కాదు. మా ఇంట్లో సావొస్తే నువ్వొస్తావు, ఆళ్లు రారు. నాను మర్సిపోనేదు. కానీ సావుకి రావడం వేరు, పూట గడవడం వేరు. సంతకం ఎట్టీ నాయుడూ."

అంతకుముందు ఎప్పుడూ ఆమె ఆయన్ని అలా పేరు పెట్టి పిలవలేదు. మిగతావాళ్లు తలలు వంచుకున్నారు గానీ, ఒక్కరు కూడా గురమ్మ మాట కాదనలేదు. మర్నాడు బావ, ఒప్పుకున్నానని కంపెనీకి కబురు పంపాడు.

సంతకానికి విశాఖపట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చింది. మర్యాదస్తురాలు, బావని అంకుల్ అనే పిలిచింది. కాగితాల్లో బావ పేరు పక్కన 'జాబ్ వర్కర్' అని ఉంది. దానికి అర్థమేంట్రా అని బావ నన్ను అడిగాడు. ఇంకొకరి సరుకు మీద కూలికి పనిచేసేవాడు అని చెప్పాను. "సరే, నిజమే కదా" అని పెట్టేశాడు.

కంపెనీ పిక్కల లారీ దిగిన మర్నాడు నేను కార్ఖానాకి వెళ్లాను. బావ ఒక్కడే ఉంటాడేమోనని వెళ్లాను. గుమ్మం పక్కన ఆయన బల్ల దగ్గర, ఆయన కుర్చీలో, కంపెనీ పంపిన సూపర్‌వైజరు కూర్చున్నాడు. బావ కాసేపు నిలబడ్డాడు. బయటికి వెళ్లి వచ్చాడు. మళ్లీ నిలబడ్డాడు. లోపల ఆడవాళ్లు వరసల్లో కూర్చుని పిక్క కొడుతున్నారు. పిక్క డొల్లలో జీడి ఉంటుంది, నల్లటి నూనె, ఒంటికి తగిలితే కాల్చేస్తుంది. అందుకని ఇద్దరిద్దరి మధ్య ఒక బూడిద కుప్ప.

బావ గురమ్మ దగ్గరికి నడిచాడు. నవ్వుతూనే అడిగాడు గానీ, గొంతులో నవ్వు లేదు.

"నానూ కూలోణ్ణే కదే ఇప్పుడు. ఎక్కడ కూకోమంటావు?"

కొట్టే చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. సూపర్‌వైజరు తలెత్తి చూశాడు. గురమ్మ మాత్రం పిక్క మీంచి చూపు తిప్పలేదు. పక్కనున్న గోనెపట్టాని ఒక చేత్తో ఇవతలికి లాగింది.

"ఇక్కడ కూకో. ముందు సేతులకి బూడిద రాసుకో, జీడి తగిల్తే తోలూడిపోతాది."

బావ కూర్చున్నాడు. చేతులకి బూడిద ఎలా రాసుకోవాలో ఆయనకి తెలీదు. గురమ్మ చూపించింది.